ఎడమ చెవికి ఒరిగిన గొంతు: ఫోనుకు హెడ్‌ఫోన్ యాంప్ ఎవరికి, ఎందుకు

మా నాన్నగారు తెనాలిలో ఉంటారు. తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి, ఇంట్లో మిగతావాళ్ళు లేచేలోగా ఒక గంటసేపు పాత ఆకాశవాణి కచేరీలు వినడం ఆయనకు నేను పుట్టకముందు నుంచీ ఉన్న అలవాటు. ఒకప్పుడు రేడియోలో, తర్వాత క్యాసెట్లలో, ఇప్పుడు ఫోనులో. వోలేటి వెంకటేశ్వర్లు గారి పాట, ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, విజయవాడ కేంద్రం వారి భక్తిరంజని, ఇవి వినకుండా ఆయనకు రోజు మొదలు కాదు. పోయిన ఏడాది పాత ఫోను పాడైపోయి కొత్తది కొన్నాము. కొత్తదానికి హెడ్‌ఫోన్ పిన్ను పెట్టుకునే జాక్ లేదు. టైప్-సి అడాప్టర్ ఒకటి కొని పంపించాను. వారం తిరక్కుండానే ఫోను చేసి, "వాల్యూమ్ ఆఖరిదాకా పెట్టినా పగటిపూట ఫ్యాను కింద సరిగ్గా వినపడటం లేదురా" అన్నారు.

హైదరాబాదులో నాకు తెలిసిన ఒక దుకాణానికి వెళ్ళి విషయం చెప్పాను. ఫోనులో దమ్ము ఉండదు కాబట్టి బ్యాటరీతో నడిచే హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్ పెట్టాల్సిందేనని, అది పెడితే ఏ హెడ్‌ఫోన్ అయినా అదిరిపోతుందని అక్కడివారు చెప్పారు. నాన్నగారు వాడే హెడ్‌ఫోన్ ఏమిటో వారు అడగలేదు; నాకూ చెప్పాలని తోచలేదు. 8,000 రూపాయలు పెట్టి, అరచేతిలో పట్టే ఒక నల్లటి పెట్టెను కొన్నాను. ఫోనుకు తీగతో తగిలించి, హెడ్‌ఫోన్‌ను దానికి పెట్టి, పైనున్న నాబ్ తిప్పితే శబ్దం నిజంగానే బ్రహ్మాండంగా పెరిగింది. నాన్నగారు సంతోషించారు. నేను తిరిగి హైదరాబాదు వచ్చేశాను.

మూడు వారాల తర్వాత మళ్ళీ వెళ్ళినప్పుడు అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ నాన్నకు కుడి చెవి వినపడటం లేదట. నీకు చెప్పొద్దన్నారు" అంది. గట్టిగా అడిగితే నాన్నగారు అప్పుడు బయటపెట్టారు. తెల్లవారుజామున, ఇల్లంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు చిన్న శబ్దంతో వింటుంటే పాటంతా ఎడమ చెవిలోనే ఉంటోందట. వయసు మీద పడింది, ఒక చెవి పోతోంది కాబోలు అనుకున్నారు. చెవి డాక్టరుకు చూపించుకుంటే రెండు చెవులూ వయసుకు తగ్గట్టు సమానంగానే ఉన్నాయని ఆయన చెప్పారు కానీ, రోజూ పొద్దున వోలేటి గారి గొంతు ఎడమకే ఒరుగుతూ ఉంటే ఆ మాట నాన్నగారికి ఎలా నమ్మకం కలిగిస్తుంది?

ఆ రాత్రి ఆ హెడ్‌ఫోన్ నేను పెట్టుకున్నాను. పాత ఆకాశవాణి రికార్డింగులు మోనో. రెండు చెవులకూ ఒకే శబ్దం వెళ్తుంది కాబట్టి గొంతు సరిగ్గా తల మధ్యలో, కనుబొమల వెనుక నిలబడినట్టు వినపడాలి. నాబ్ సగం దాకా తిప్పి ఉన్నప్పుడు అలాగే ఉంది. వెనక్కి తిప్పుతూ వచ్చేకొద్దీ గొంతు మెల్లమెల్లగా ఎడమకు జరిగింది. ఇంకాస్త తగ్గించేసరికి కుడి చెవిలో తంబూరా కూడా లేదు, ఎడమ చెవిలో మాత్రం ఆలాపన సాగుతూనే ఉంది. హెడ్‌ఫోన్‌ను తిరగేసి, ఎడమ కప్పును కుడి చెవికి పెట్టుకున్నాను. గొంతు కుడి చెవిలోకి వచ్చింది. నాన్నగారికి కూడా అలాగే తిరగేసి పెట్టాను. ఆయన కళ్ళు మూసుకొని కాసేపు విని, "అయితే నా చెవి బాగానే ఉందన్నమాట" అన్నారు. మూడు వారాల పాటు ఆయన ఆ దిగులును ఒక్కరే మోశారన్న సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఈ వ్యాసం రాయడానికి కారణం అదే.

నేను చెప్పదలచుకున్నది ఇది. ఫోనుకు యాంప్ కొనాలా వద్దా అన్నది యాంప్‌ను చూసి తేల్చుకునే విషయం కాదు. వాడుతున్న హెడ్‌ఫోన్‌ను, వినే రికార్డింగును, వినే వేళను బట్టి తేల్చుకోవాలి. ఎక్కువమందికి కావలసింది అదనపు బలం కాదు; చిన్న వాల్యూమ్‌లో కూడా రెండు చెవులకూ సమానంగా, బుస లేకుండా శబ్దం ఇచ్చే, ఫోనుకు తగిలించే ఒక చిన్న అడాప్టర్, అంటే డాంగిల్. పెద్ద యాంప్ నిజంగా అవసరమైన హెడ్‌ఫోన్లు ఉన్నాయి, వాటి సంగతి కూడా చెబుతాను. కానీ ఏది ఏ కోవకు వస్తుందో తెలుసుకోవడానికి పది నిమిషాల లెక్క చాలు, ఆ లెక్క వేయకుండా అమ్మడమూ కొనడమూ రెండూ తప్పే.

ముందుగా ఒక అపోహ పోవాలి. 2016లో ఆపిల్ ఐఫోన్ 7 నుంచి జాక్‌ను తీసేసిన తర్వాత మిగతా కంపెనీలు కూడా ఒక్కొక్కటిగా అదే దారి పట్టాయి. అప్పటినుంచి మనం వాడుతున్న టైప్-సి అడాప్టర్లలో చాలావాటిని మనం ఒట్టి తీగ అనుకుంటాము కానీ, ఆ గోరంత ప్లాస్టిక్ ముక్క లోపల డిజిటల్ అంకెలను శబ్ద సంకేతంగా మార్చే డాక్, దాని వెంట ఒక చిన్న యాంప్లిఫయర్, రెండూ ఉంటాయి. ఏమీ లేని ఒట్టి తీగ అడాప్టర్లు కూడా అమ్ముతారు, అవి ఆ సదుపాయం ఉన్న కొన్ని ఫోన్లకే పనిచేస్తాయి. కాబట్టి జాక్ లేని ఫోనులో తీగ హెడ్‌ఫోన్‌తో పాట వింటున్న చాలామంది దగ్గర యాంప్ ఇప్పటికే ఉంది. అది తమ హెడ్‌ఫోన్‌కు చాలుతుందా లేదా అన్నదే ప్రశ్న.

దానికి జవాబు హెడ్‌ఫోన్ పెట్టె మీద రెండు అంకెలుగా రాసి ఉంటుంది. ఒకటి ఇంపిడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు, ఓమ్స్‌లో. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక మిల్లీవాట్ పవర్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందన్నది. నాన్నగారి హెడ్‌ఫోన్ 32 ఓమ్స్, మిల్లీవాట్‌కు 100 డెసిబెల్స్. ఒక వోల్టు ఇచ్చే అడాప్టర్‌కు తగిలిస్తే దానికి 31 మిల్లీవాట్లు అందుతాయి, అంటే రికార్డింగులో అతి పెద్ద శబ్దం వచ్చిన చోట 115 డెసిబెల్స్. అది చెవికి హాని చేసేంత ఎక్కువ. అంటే కాగితం మీద చూస్తే ఆయనకు యాంప్ అవసరమే లేదు.

ఇప్పుడు నా సొంత హెడ్‌ఫోన్‌ను తీసుకోండి. సెన్‌హైజర్ హెచ్‌డీ 600, 1997లో వచ్చిన మోడలు, ఇప్పటికీ అమ్ముతున్నారు. 300 ఓమ్స్, మిల్లీవాట్‌కు 97 డెసిబెల్స్. నాన్నగారిదానికీ దీనికీ సెన్సిటివిటీలో తేడా మూడు డెసిబెల్సే అయినా, 300 ఓమ్స్‌లోకి ఒక్క మిల్లీవాట్ పంపాలంటేనే 0.55 వోల్టు కావాలి. 110 డెసిబెల్స్ శిఖరాలు అందుకోవాలంటే 20 మిల్లీవాట్లు, దాదాపు రెండున్నర వోల్టులు కావాలి. ఒక వోల్టు అడాప్టర్ దీన్ని 102 దగ్గరే ఆపేస్తుంది. గట్టిగా రికార్డు చేసిన నేటి సినిమా పాటకు అది సరిపోతుంది, పాత కచేరీకి సరిపోదు.

ఓమ్స్ తక్కువైతే ఫోను మీద తేలికగా నడుస్తుందని దుకాణాల్లో చెబుతుంటారు. అది సగం నిజమే. హైఫైమాన్ హెచ్‌ఈ-6 అనే హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ 50 ఓమ్స్ మాత్రమే, కానీ సెన్సిటివిటీ 83.5 డెసిబెల్స్. దానికి 110 డెసిబెల్స్ కావాలంటే 450 మిల్లీవాట్ల దాకా, అంటే నాలుగున్నర వోల్టులు దాటి, 95 మిల్లీఆంపియర్ల కరెంటుతో ఇవ్వాలి. ఏ ఫోనూ, ఏ గోరంత అడాప్టరూ దాని దరిదాపుల్లోకి రాదు. అందుకే రెండు అంకెలూ కలిపి చూడాలి. సెన్సిటివిటీని కొందరు మిల్లీవాట్‌కు ఇంత అని, కొందరు వోల్టుకు ఇంత అని రాస్తారు; 32 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు ఈ రెండింటి మధ్య 15 డెసిబెల్స్ తేడా వస్తుంది. ఏ కొలతో చూసుకోకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చితే లెక్క పూర్తిగా తారుమారవుతుంది. యాంప్ పెట్టె మీద అచ్చువేసే మిల్లీవాట్లదీ ఇదే కథ. 32 ఓమ్స్ దగ్గర 300 మిల్లీవాట్లు అంటే సుమారు 3.1 వోల్టులు. అదే వోల్టేజీ 300 ఓమ్స్ హెడ్‌ఫోన్‌కు ఇచ్చేది 32 మిల్లీవాట్లే. పెద్ద అంకె ఎప్పుడూ తక్కువ ఓమ్స్ దగ్గరే అచ్చవుతుంది, కొనేవారు తమ ఓమ్స్ దగ్గర ఎంతో వెతుక్కోవాలి.

మరి లెక్క ప్రకారం 115 డెసిబెల్స్ రావలసిన నాన్నగారికి ఫ్యాను కింద పాట ఎందుకు వినపడలేదు? ఇది తెలుసుకోవడానికి నేను కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి ఒక మామూలు మల్టీమీటరు, 33 ఓమ్స్ రెసిస్టరు ఒకటి, ఒక పాత ఆక్స్ కేబులు కొనుక్కొచ్చాను. కేబులు ఒక చివర కోసి తీగలు బయటికి తీశాను. 50 హెర్ట్జ్ శబ్దాన్ని పూర్తి స్థాయిలో ఫోనులో మోగించి, హెడ్‌ఫోన్ తగిలించకుండా, ఆ తీగల మధ్య ఏసీ వోల్టేజీ కొలిచాను. చవక మల్టీమీటర్లు ఇంటి కరెంటు కోసం తయారైనవి కాబట్టి 50 హెర్ట్జ్ దగ్గర నమ్మదగిన కొలతే ఇస్తాయి. ఆ అడాప్టర్ నా ల్యాప్‌టాప్‌కు పెట్టినప్పుడు 0.99 వోల్టు చూపింది. నాన్నగారి ఫోనుకు పెట్టి వాల్యూమ్ ఆఖరిదాకా జరిపితే 0.24 వోల్టు. అంటే నాలుగో వంతు, 12 డెసిబెల్స్ తక్కువ.

అంటే కొరత హెడ్‌ఫోన్‌దీ కాదు, యాంప్ లేకపోవడమూ కాదు. కొన్ని అడాప్టర్లలో వాటి సొంత వాల్యూమ్ ఒకటి లోపల ఉంటుంది. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకు తగిలించినప్పుడు అది తక్కువ స్థాయిలో మొదలై అక్కడే ఉండిపోతుంది. తెర మీది పట్టీని మనం చివరిదాకా జరిపినా ఫోను పెంచేది తన లోపలి వాల్యూమ్‌నే తప్ప అడాప్టర్‌లోని దాన్ని కాదు. యూఎస్‌బీ ఆడియో ప్లేయర్ ప్రో వంటి యాప్‌లు నేరుగా అడాప్టర్ వాల్యూమ్‌ను పెంచగలవు, కానీ యూట్యూబ్‌లో కచేరీలు వినే పెద్దాయనకు అది ఉపయోగపడదు. ఆ ఫోనుతో సరిగ్గా కుదిరే మరో డాంగిల్ కొంటే సరిపోయేది. దాని ధర నేను కొన్న యాంప్ ధరలో నాలుగో వంతు కూడా ఉండదు.

రికార్డింగుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే మన సంగీతం వినేవారికి ఇది ప్రత్యేకంగా తగిలే విషయం. నాన్నగారు వినే కచేరీల్లో కొన్నింటిని కంప్యూటర్‌లో తెరిచి చూస్తే సగటు శబ్దం పూర్తి స్థాయికి 30 డెసిబెల్స్ కింద ఉంది. ఎప్పుడో టేపు మీదికి ఎక్కించినదాన్ని ఎవరో అభిమాని భద్రంగా అప్‌లోడ్ చేసినవి అవి. శబ్దాన్ని నొక్కిపట్టి గట్టిగా చేసిన నేటి పాటల్లా ఉండవు. యూట్యూబ్ మరీ గట్టిగా ఉన్నవాటిని తగ్గిస్తుంది కానీ మెల్లగా ఉన్నవాటిని మామూలుగా పెంచదు. కాబట్టి పడమటి పాప్ సంగీతం వినేవారు రాసిన "ఫోనే చాలు" అన్న సలహా మనకు యథాతథంగా పనికిరాదు. లెక్కలో వచ్చిన గరిష్ఠం నుంచి 30 తీసేసి, మిగిలింది 75 డెసిబెల్స్‌కు తక్కువైతే పాత కచేరీకి బలం చాలదని నేను అనుకుంటాను. నాన్నగారి 0.24 వోల్టు దగ్గర ఆ లెక్క 72 వచ్చింది. వాకిట్లో ఆటోలు, నెత్తిన ఫ్యాను. చాలలేదంటే చాలలేదు మరి.

ఇక నాబ్ విషయం. ఆ పెట్టె లోపల ఉన్నది చిన్న పొటెన్షియోమీటరు, అంటే కుడికి ఒకటి ఎడమకు ఒకటి చొప్పున రెండు కార్బన్ పట్టీల మీద ఒకే ఇరుసుతో తిరిగే రెండు కొనలు. ఆ రెండు పట్టీలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. నాబ్ మధ్యలో ఉన్నప్పుడు ఆ తేడా చెవికి అందదు, మొదట్లో ఉన్నప్పుడు మాత్రం చాలా పెద్దదవుతుంది. యాంప్ ఎంత బలమైనదైతే, హెడ్‌ఫోన్ ఎంత తేలికగా మోగేదైతే, మనం నాబ్‌ను అంత మొదట్లోనే ఆపవలసి వస్తుంది. అంటే అవసరానికి మించిన బలం కొన్నవారు ఆ పరికరం అన్నిటికన్నా అధ్వాన్నంగా పనిచేసే చోటనే రోజూ వాడుకుంటారు. మా పెట్టె అడుగున, యాంప్ బలం ఎంత పెంచాలో మార్చే గెయిన్ స్విచ్చు ఒకటి ఉంది, అది హై మీద ఉంది. లో మీదికి మార్చాక కొంత మెరుగైంది కానీ తెల్లవారుజాము వాల్యూమ్‌కు ఇంకా ఒరుగుతూనే ఉంది. వాల్యూమ్‌ను డిజిటల్‌గా తగ్గించే డాంగిళ్ళలో ఈ ఇబ్బంది ఉండదు. నాబ్ ఉన్నదాన్ని కొంటుంటే, ఒక మోనో పాట పెట్టి, నాబ్‌ను పూర్తిగా తగ్గించి మెల్లగా పెంచుతూ గొంతు మధ్యలో ఉందో లేదో దుకాణంలోనే వినండి. ఘంటసాల గారి కాలం నాటి పాటల్లో ఎక్కువ భాగం మోనోయే, ఏదైనా పనికొస్తుంది.

బుస సంగతి కూడా అలాంటిదే. చెవిలో దూర్చుకునే సున్నితమైన ఇయర్‌ఫోన్లకు పెద్ద యాంప్ పెడితే పాట ఆగిన క్షణంలో సుయ్‌మంటూ ఒక సన్నటి శబ్దం వినిపిస్తుంది. ఆలాపనలో గాయకుడు ఊపిరి తీసుకునే ఆ విరామం ఎంత విలువైనదో కచేరీలు వినేవారికి చెప్పనక్కరలేదు.

అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ లోపల ఉండే దాని సొంత అడ్డు, మరొకటి. ఒక్క ఇయర్‌ఫోన్‌లోనే శబ్దం పుట్టించే డ్రైవర్లు రెండు మూడు ఉండే రకాల్లో ఇంపిడెన్స్ స్వరాన్ని బట్టి మారుతుంది. ఒకచోట 8 ఓమ్స్, మరోచోట 40 ఓమ్స్ ఉందనుకుంటే, 10 ఓమ్స్ అవుట్‌పుట్ ఉన్న యాంప్ ఆ రెండు చోట్ల మధ్య 5 డెసిబెల్స్ తేడా తెస్తుంది, 1 ఓమ్ ఉన్నది ఒక డెసిబెల్ కూడా తేదు. యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించకూడదన్నది చాలామంది పాటించే నియమం. 33 ఓమ్స్ రెసిస్టరు కొన్నది దీని కోసమే: అది తగిలించగానే నా అడాప్టర్ వోల్టేజీ 0.99 నుంచి 0.96కు దిగింది, అంటే అవుట్‌పుట్ ఇంపిడెన్స్ సుమారు 1 ఓమ్. ఆ ధరకు అది చక్కటి పనితనం.

యాంప్ పెడితే వాల్యూమ్ ఒక్కటే కాదు, పాట నాణ్యతే మారిపోతుందని గట్టిగా నమ్మేవారు నా స్నేహితుల్లోనే ఉన్నారు. వారి చెవులను నేను తక్కువ చేయను. అవుట్‌పుట్ ఇంపిడెన్స్ వల్లనో బలం చాలకనో శబ్దం నిజంగా మారే సందర్భాలు పైన చెప్పాను. వాటిని పక్కన పెడితే, ఒక్క డెసిబెల్ గట్టిగా ఉన్నది మన చెవికి "గట్టిగా" అనిపించదు, "బాగా" అనిపిస్తుంది. కాబట్టి పోల్చేముందు రెండింటి వోల్టేజీ మల్టీమీటరుతో సమానం చేసి, ఏది ఏదో తెలియకుండా మరొకరిని మార్చమని వినాలి. నేను నా హెచ్‌డీ 600 మీద చిన్న వాల్యూమ్‌లో అలా విన్నప్పుడు డాంగిల్‌కూ యాంప్‌కూ తేడా పట్టుకోలేకపోయాను. వాల్యూమ్ పెంచి పాత కచేరీ పెట్టినప్పుడు డాంగిల్ చేతులెత్తేసింది, యాంప్ నిలబడింది. యాంప్ చేసే మేలు అక్కడ ఉంది, అది చిన్న మేలేమీ కాదు.

ఈ పనిని ఫోను లోపలే చేసి చూపించినవారూ ఉన్నారు. ఎల్‌జీ 2017లో తెచ్చిన వీ30లో జాక్ ఉండేది. తగిలించిన హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్‌ను ఫోనే కొలిచి, ఎక్కువైతే వోల్టేజీ పెంచేది. మనిషి వేయవలసిన లెక్కను పరికరమే వేసుకునేది. 2021లో ఎల్‌జీ ఫోన్ల వ్యాపారమే మానుకుంది, నాకు ఆ ఫోను పోయినందుకు నిజంగానే బాధ ఉంది.

వాడకం గురించి నాలుగు మాటలు. నాబ్ ఉన్న యాంప్‌కు ఫోను వాల్యూమ్‌ను ఆఖరిదాకా పెట్టి నాబ్‌తోనే సర్దుకోవడం సాధారణంగా మంచిది, కానీ నాబ్ మొదట్లోనే ఆగవలసి వస్తుంటే ఫోను వాల్యూమ్‌ను సగానికి దించి నాబ్‌ను పైకి తేవడం మేలు. ఆ రాత్రి నాన్నగారికి తాత్కాలికంగా నేను చేసింది అదే. కొన్ని ఫోన్లలో బయటి పరికరాలను తగిలించనిచ్చే ఓటీజీ అన్న సెట్టింగు ఆన్ చేస్తేగాని డాంగిల్ పనిచేయదు, వాడకుండా పది నిమిషాలు వదిలేస్తే అది తనంతట ఆఫ్ అవుతుంది. డాంగిల్ చెడిపోయిందని తిరిగి ఇచ్చేసేముందు అది చూడాలి. డాంగిల్ ఫోను బ్యాటరీనే తింటుంది, బ్యాటరీ ఉన్న యాంప్ తింటే తక్కువే కానీ రోజూ ఛార్జింగు పెట్టవలసిన వస్తువు ఇంట్లో ఇంకొకటి పెరుగుతుంది. క్యూడెలిక్స్ 5కే, ఫియో బీటీఆర్ వరుస వంటి బ్లూటూత్ యాంప్‌లు ఫోనుకు తీగ లేకుండా చేస్తాయి, బస్సులో వెళ్ళేవారికి అవి నాకు నచ్చిన దారి. కానీ ప్రతి పొద్దునా జత కుదిరిందో లేదో చూసుకోవలసిన పని పెద్దవాళ్ళకు పెట్టకూడదని నా అభిప్రాయం.

వాల్యూమ్ ఎంతవరకన్నది కూడా ఇందులో భాగమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్ వరకు పరవాలేదని చెబుతోంది. ప్రతి మూడు డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి పడిపోతుంది. 124 డెసిబెల్స్ ఇవ్వగల యంత్రాన్ని 71 ఏళ్ళ మనిషి చేతిలో పెట్టి వచ్చానని లెక్క వేసుకున్నాక గానీ నాకు తెలియలేదు. నాబ్ పొరపాటున జేబులో తిరిగితే ఏమయ్యేదో ఆలోచించడానికే భయం వేసింది.

నాన్నగారికి ఇప్పుడు వేరే డాంగిల్ ఉంది. పంపేముందు ఆయన ఫోను మోడలు మీదనే పెట్టి కొలిచాను, 1 వోల్టు వచ్చింది. ఫ్యాను కింద వినపడుతోంది, తెల్లవారుజామున గొంతు మధ్యలో ఉంటోంది. ఆ నల్లటి పెట్టెను నేను తెచ్చేసుకున్నాను. హెచ్‌డీ 600కు తగిలిస్తే నాబ్ సగం దాటి ఆగుతుంది, రెండు చెవులూ సమానంగా ఉంటాయి, బుస అసలు వినపడదు. వస్తువు మంచిదే, తప్పు జతకు పడింది. పోయిన ఆదివారం నాన్నగారు ఫోను చేసి, ద్వారం వారి వయొలిన్‌లో విల్లు దిశ మారేటప్పుడు వచ్చే చిన్న గరుకు శబ్దం ఇన్నేళ్ళలో మొదటిసారి రెండు చెవుల్లోనూ విన్నానని చెప్పారు.